ఖాళీ బండి ఎందుకు ఎగిరింది: వీ-క్రాస్ వెనక కమాన్ కట్టల మీద ఒక కేస్ స్టడీ

బండి ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పికప్. 2017 మోడల్, 2.5 లీటర్ల డీజిల్ ఇంజన్, ఫోర్ వీల్ డ్రైవ్, శ్రీసిటీ ఫ్యాక్టరీలో తయారైంది. ముందు డబుల్ విష్‌బోన్ (చక్రానికి పైనొకటి, కిందొకటి ఆర్ములు), కాయిల్ స్ప్రింగులు. వెనక రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి యాక్సిల్, దాని మీద కమాన్ కట్టలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులు. టైర్లు 245/70 ఆర్16. తిరిగేది భీమవరం పరిసరాల్లోని రొయ్యల చెరువుల మీద: సగం దూరం తారురోడ్డు, సగం చెరువు గట్లు. చాలా రోజులు డ్రైవరు, ఒకరిద్దరు మనుషులు, తొట్టిలో కొద్దిపాటి పనిముట్లు ఉంటాయి. మధ్యమధ్యలో మేత బస్తాలో ఏరేటర్ మోటార్లో ఎక్కుతాయి. తొట్టి మీద ఫైబర్ కెనోపీ ఎప్పుడూ ఉంటుంది.

ఓనరు చెప్పిన ఫిర్యాదు ఒక్క వాక్యం: "ఖాళీగా వెళ్తే నడుం పోతోందండీ, స్పీడ్ బ్రేకర్ ఎక్కితే వెనక సీట్లో వాళ్ల తల పైకి తగులుతోంది." దీనికి తోడు ముందు వైపు గుంటలో దిగినప్పుడు ఇనుము ఇనుముకి కొట్టుకున్నట్టు శబ్దం, క్లచ్ వదిలేటప్పుడు కింద వణుకు, ముందు టైర్లు ఒక అంచున అరగడం.

మా షెడ్డుకి వచ్చేలోపే బండికి కొన్ని పనులు జరిగి ఉన్నాయి. లోడు వేస్తే వెనక దిగుతోందని రెండు వైపులా రెండేసి అదనపు పట్టీలు వేయించారు. వెనక లేచేసరికి ముందు కిందికి ఉన్నట్టు కనిపించి, ముందు స్ట్రట్ల (కాయిల్ స్ప్రింగు, షాక్ కలిసిన భాగం) పైన 25 మి.మీ. మందం స్పేసర్ ముక్కలు పెట్టించారు. ముందు గొట్టాల బంపర్ ఉంది. గట్టిదనం తగ్గుతుందన్న ఆశతో వెనక షాకులు (షాక్ అబ్జార్బర్లు) కూడా కొత్తవి వేయించారు, తేడా రాలేదు. టైర్లలో నాలుగింటా 45 పీఎస్ఐ గాలి.

ఇలాంటి బండికి ఎక్కువగా దొరికే సలహా "వేసిన పట్టీలు పీకేయండి" అని. అది సగమే నిజం. ఈ కేసులో పట్టీలు పీకినంత మాత్రాన బండి మెత్తబడేది కాదు. అది తేలింది మేత బస్తాలు, టేపు పెట్టి చేసిన కొలతల్లోనే. అందుకే వాటిని కాస్త విపులంగా చెప్పడం అవసరం.

ముందు కాటా

ఏ స్ప్రింగు పనైనా బరువు తెలియకుండా మొదలుపెట్టకూడదు. లారీల కాటా మీద బండిని మూడుసార్లు తూయాలి: మొత్తం ఒకసారి, ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫారం మీద ఉంచి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఉంచి ఒకసారి. ఈ బండి మనుషులు లేకుండా ముందు 1,120 కిలోలు, వెనక 910 కిలోలు తూగింది. మొత్తం 2,030తో సరిపోయింది. కాటా 10 కిలోల మెట్టుతో చూపిస్తుంది, ఈ పనికి అది చాలు.

వెనక 910లో యాక్సిల్, బ్రేకులు, చక్రాలు, కమాన్లలో సగం బరువు స్ప్రింగుల మీద ఉండదు, నేరుగా టైర్ల మీద ఉంటుంది. దానికి 160 కిలోలు తీసేస్తే స్ప్రింగులు మోసేది సుమారు 750 కిలోలు.

ఆ తర్వాత ఎత్తులు. వీల్ హబ్ మధ్య బిందువు నుంచి నిలువుగా మడ్‌గార్డ్ అంచు దాకా కొలవాలి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి, టైరు అరుగుదల రెండూ లెక్కలో దూరి తప్పుదారి పట్టిస్తాయి. వెనక రెండు వైపులా సగటు 590 మి.మీ., ముందు ఎడమ 545, కుడి 538.

బస్తాల పరీక్ష

మేత బస్తా 25 కిలోలు. పదహారు బస్తాలు, అంటే 400 కిలోలు, తొట్టిలో సరిగ్గా యాక్సిల్ పైన వచ్చేలా నాలుగేసి చొప్పున పేర్చి, ప్రతి 100 కిలోలకి వెనక ఎంత దిగిందో రాసుకున్నాం. తర్వాత అదే వరసలో దించుతూ మళ్లీ కొలిచాం. ఈ రెండో సగం చాలామంది వదిలేస్తారు, అసలు సమాచారం అందులోనే ఉంది.

పరీక్షకి నేల చదునుగా ఉండాలి. చక్రాలకి అడ్డుచెక్కలు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వదిలి, న్యూట్రల్‌లో ఉంచాలి. కమాన్ నిగిడితే యాక్సిల్ కాస్త వెనక్కి జరుగుతుంది, బ్రేక్ పట్టి ఉంటే ఆ కదలికకి అడ్డం పడుతుంది. బస్తాని దబ్బున పడేయకూడదు. తొట్టిలోకి మనిషి ఎక్కకూడదు. బండిని ఊపకూడదు. ఊపితే పట్టీల మధ్య పట్టుకుని ఉన్న రాపిడి వదిలిపోతుంది. మనం కొలవాలనుకున్నదే ఆ రాపిడిని.

ఎక్కించేటప్పుడు వచ్చిన కుంగుడు: 100 కిలోలకి 3 మి.మీ., 200కి 13, 300కి 22, 400కి 32. దించేటప్పుడు: 300 దగ్గర 31, 200 దగ్గర 26, 100 దగ్గర 17, మొత్తం దించేశాక 7.

మొదటి 100 కిలోలకి 3 మి.మీ. మాత్రమే దిగి, ఆ తర్వాత ప్రతి 100కీ సుమారు 10 మి.మీ. చొప్పున దిగింది. దించేటప్పుడు మొదటి 100 తీసినా ఒక్క మి.మీ.యే లేచింది. అన్నీ తీసేశాక కూడా 7 మి.మీ. కిందే ఉండిపోయింది. 200 కిలోల దగ్గర ఎక్కేటప్పుడు 13, దిగేటప్పుడు 26. ఒకే బరువుకి రెండు ఎత్తులు. ఈ 13 మి.మీ. తేడాయే రాపిడి.

దీన్ని అంకెల్లోకి మారిస్తే, మధ్య భాగంలో 100 కిలోలకి 10 మి.మీ. అంటే రెండు కట్టలూ కలిపి మి.మీ.కి 98 న్యూటన్ల బిగువు (ఒక మి.మీ. కుంగడానికి కావలసిన బలం). 13 మి.మీ.ని దాంతో హెచ్చవేస్తే 1,275 న్యూటన్లు, అంటే 130 కిలోలు. కట్ట ఏ స్థితిలో ఆగి ఉన్నా, దాని మీద బలం అటో ఇటో 65 కిలోలు మారేదాకా అది కదలదు.

ఇప్పుడు మామూలు తారురోడ్డు మీద అతుకులు, చిన్న గతుకులు తలచుకోండి. వాటిలో చాలా భాగం 65 కిలోల తేడా కూడా తీసుకురావు. కమాన్ కదలదు, కనుక షాక్ కూడా కదలదు. కదలని షాక్ ఏ ఊపునీ ఆపలేదు. కొత్త షాకులు వేసినా తేడా రాకపోవడానికి కారణం ఇదే. అప్పుడు బండికి మిగిలిన ఏకైక స్ప్రింగు టైరు. 45 పీఎస్ఐ దగ్గర ఈ సైజు టైరు బిగువు మి.మీ.కి సుమారు 250 న్యూటన్లు, రెండిటికీ 500. దాని మీద 910 కిలోలు ఊగితే సెకనుకి సుమారు 3.7 ఊపులు వస్తాయి. టైరుకి ఊపుని చంపే గుణం దాదాపు లేదు. కూర్చున్న మనిషి శరీరం నిలువు కదలికకి ఎక్కువగా ఇబ్బంది పడేది సెకనుకి 4 నుంచి 8 ఊపుల మధ్య. 3.7 ఆ గడప మీదే ఉంది. నడుం నొప్పి అక్కడి నుంచి వచ్చింది.

కమాన్లు స్వేచ్ఛగా కదిలి ఉంటే ఏమయ్యేదో కూడా లెక్కకట్టవచ్చు. ఖాళీ బరువుకి స్ప్రింగు ఎంత కుంగి ఉంటుందో మి.మీ.లలో తీసుకుని, దాని వర్గమూలంతో 15.8ని భాగిస్తే సెకనుకి ఊపులు వస్తాయి. 750 కిలోలకి 98 న్యూటన్ల బిగువు మీద కుంగుడు 75 మి.మీ., ఊపులు 1.8. అదనపు పట్టీలు ఉన్నా సరే, పట్టీలు జారితే బండి 1.8 దగ్గర ఊగాలి. అది గొప్ప మెత్తదనం కాదు, కానీ భరించదగ్గదే. అసలు దోషి బిగువు కాదని ఇక్కడే తేలింది.

దీన్ని సరిచూడటానికి ఫోన్‌లో యాక్సిలరోమీటర్ యాప్ చాలు. వెనక సీటు పట్టా బోల్టు పక్కన నేలకి ఫోన్‌ని రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించి, ఒకే రోడ్డు ముక్క మీద 40 కిలోమీటర్ల వేగంతో నడిపితే, నిలువు కదలికలో పెద్ద శిఖరం 3.6 దగ్గర కనిపించింది. సీటు మీద పెడితే కుషన్ ఊపు కలిసిపోతుంది, ఆ రీడింగు దేనికీ పనికిరాదు.

కట్ట విప్పాక

కమాన్ కట్ట విప్పే ముందు ఛాసిస్‌ని స్టాండ్ల మీద నిలబెట్టి, యాక్సిల్ కింద వేరే జాక్ పెట్టాలి. పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి ఉంచే సెంటర్ బోల్టు విప్పేటప్పుడు కట్టకి రెండు పక్కలా సీ-క్లాంపులు బిగించి ఉంచాలి. వంపు తేడా ఉన్న పట్టీలు బోల్టు వదలగానే విసిరినట్టు విడిపోతాయి, వేళ్లు పోయిన సందర్భాలు ఈ వృత్తిలో ఉన్నాయి.

లోపల కనిపించినవి ఇవి. పట్టీల మధ్య తుప్పు పొరలుగా గట్టిపడి ఉంది. చెరువు గట్ల ఉప్పుగాలి, ఉప్పునీరు ఉన్న చోట ఇది మామూలుకంటే త్వరగా వస్తుంది. తుప్పు మీద నల్లటి ముద్ద: కాలిన ఇంజన్ ఆయిలు, ఇసుక కలిసినది. కమాన్ కిర్రుమంటోందని కాలిన ఆయిలు పోయడం మన దగ్గర చాలాకాలంగా ఉన్న అలవాటు. మొదటి వారం శబ్దం పోతుంది. తర్వాత ఆ నూనె గట్టు మీది దుమ్మంతా పట్టుకుని సానరాయిలా పట్టీని అరగదీస్తుంది, రబ్బరు బుష్షులని ఉబ్బిస్తుంది, బ్రేక్ డ్రమ్ముల వైపు కారితే ఇంకా ప్రమాదం. ఇది మానేయాల్సిన అలవాటని గట్టిగా చెప్పాలి.

పట్టీ కొసల దగ్గర ఉండాల్సిన ప్లాస్టిక్ లైనర్లు ఒక్కటీ లేవు. కొస నేరుగా పై పట్టీని గీరి గాడి చేసింది. అదనంగా వేసిన పట్టీల వంపు అసలు పట్టీల వంపుతో సరిపడలేదు. అందువల్ల మధ్యలో ఖాళీ, కొసల్లో విపరీతమైన ఒత్తిడి. అన్నిటికంటే ముఖ్యం, కట్ట మందం పెరిగేసరికి పాత క్లిప్పులు చాలక, వాటిని సుత్తితో కొట్టి బిగించారు. క్లిప్పు పని పట్టీలు పక్కకి పోకుండా, కిందికి వేలాడినప్పుడు విడిపోకుండా పట్టుకోవడం. వైస్‌లా నొక్కితే పట్టీలు ఒకదాని మీద ఒకటి జారలేవు. ఈ బండిలో రాపిడికి పెద్ద వాటా తుప్పుదీ, ఈ క్లిప్పులదీ.

కట్ట వెనక కొసని ఛాసిస్‌కి కలిపే ఊగే లింకులు, అంటే షాకిళ్ల సంగతి కూడా చూడాలి. పట్టీలు పెరిగి వంపు ఎక్కువైతే కట్ట రెండు కన్నుల (కొసల్లోని చుట్టల) మధ్య దూరం తగ్గుతుంది, వెనక షాకిల్ కింది కొస ముందుకి లాగబడుతుంది. ఖాళీ బండిలో ఆ కొస కొద్దిగా వెనక్కి వాలి ఉండాలి. ముందుకి వాలి ఉంటే గతుకులో కమాన్ నిగిడినప్పుడు షాకిల్ నిలువు గీత దాకా తిరుగుతూ ఛాసిస్‌ని పైకి నెడుతుంది. స్పీడ్ బ్రేకర్ మీద వెనక సీటు వాళ్లని ఎగరేసిన తన్నులో దీనికీ భాగం ఉంది.

పట్టీలని వైరు బ్రష్షుతో ఇనుము కనపడేదాకా శుభ్రం చేసి పగుళ్లు చూశాం. దీనికి పాత షెడ్డు పద్ధతే చాలు: కిరోసిన్ పూసి కాసేపు ఉంచి, పొడిగా తుడిచి, సుద్దపొడి రాయాలి. పగులు ఉంటే లోపలి కిరోసిన్ సుద్దలోకి ఊరి సన్నని చెమ్మగీత కనిపిస్తుంది. సెంటర్ బోల్టు రంధ్రం చుట్టూ, కొసలు గీరిన గాడుల దగ్గర తప్పక చూడాలి. అసలు పట్టీల్లో పగుళ్లు లేవు. దారం కట్టి వంపు కొలిస్తే ఎడమ కుడి మధ్య తేడా 4 మి.మీ. కనుక అసలు కట్టలనే ఉంచి, అదనపు పట్టీలు రెండు వైపులా తీసేశాం.

వంపు పోయిన పట్టీని కొట్టించి మళ్లీ వాడటం గురించి ఒక మాట. చల్లగా ఉండగానే కొట్టి కొద్దిపాటి వంపు తెప్పించవచ్చు, అది కొంతకాలం నిలుస్తుంది. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచడం మాత్రం పట్టీని పాడుచేయడమే. మన దగ్గర కమాన్లకి ఎక్కువగా వాడే 65ఎస్ఐ7 లాంటి స్ప్రింగు ఉక్కుకి బలం వచ్చేది నూనెలో చల్లార్చి, మళ్లీ సరైన వేడి మీద టెంపర్ చేయడం వల్ల. ఆ కొలిమి, ఆ నూనె తొట్టి లేని చోట కాల్చిన పట్టీ ఒకటి రెండు లోడ్లకే చదునవుతుంది, లేదా పెళుసెక్కి విరుగుతుంది.

మందం విషయంలో కూడా జాగ్రత్త. పట్టీ బిగువు దాని మందం ఘనంతో పెరుగుతుంది. 6 మి.మీ. పట్టీ బదులు అదే పొడవు, అదే వెడల్పు ఉన్న 8 మి.మీ. పట్టీ వేస్తే ఆ ఒక్క పట్టీ బిగువు 2.37 రెట్లు. "కొంచెం మందంది వేశాం" అనే మాట వినడానికి చిన్నది, ఫలితం చిన్నది కాదు.

తిరిగి కట్టడం

శుభ్రం చేసిన పట్టీలకి జింక్ ప్రైమర్ పలుచగా కొట్టి పూర్తిగా ఆరనిచ్చాం. మందంగా పెయింటు వేయకూడదు. అది నలిగి పొడయ్యాక కట్ట వదులవుతుంది, కట్టని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ-బోల్టుల బిగింపు పోతుంది. కొసలు గీరిన గాడుల అంచులని గ్రైండరుతో నున్నగా, పట్టీ పొడవు దిశలో మాత్రమే సాపు చేశాం. అడ్డంగా గీస్తే ఆ గీతే రేపటి పగులు. ప్రతి పట్టీ కొసకి కొత్త నైలాన్ లైనరు, జారే భాగంలో గ్రాఫైట్ పొడి పూత. గ్రీజు వాడలేదు, దుమ్ముని పట్టుకోవడంలో అది కాలిన ఆయిలుకి తమ్ముడే.

యూ-బోల్టుల మధ్య నలిగే భాగంలో లైనరూ గ్రాఫైటూ ఏవీ ఉండకూడదు. అక్కడ ఇనుము మీద ఇనుము కూర్చోవాలి. క్లిప్పులు కొత్తవి, పక్కన పలుచని రేకు ముక్క దూరేంత సందుతో. షాకిల్ బుష్షులు, ముందు కన్ను బుష్షులు అన్నీ కొత్తవి. పాతవాటిలో ఒకటి చినిగి పిన్ను ఇనుముకి తగులుతోంది.

సెంటర్ బోల్టు తల యాక్సిల్ సీటు రంధ్రంలో సరిగ్గా కూర్చుందో లేదో వేలు పెట్టి చూడాలి. కూర్చోకుండా యూ-బోల్టులు బిగిస్తే యాక్సిల్ వంకరగా నిలుస్తుంది, బండి పక్కకి నడుస్తుంది. యూ-బోల్టులు ఎప్పుడూ కొత్తవే. ఒకసారి సాగి బిగుసుకున్న బోల్టు రెండోసారి అదే పట్టు ఇవ్వదు. ఈ బండిలో పాతవాటి మరలు అప్పటికే సాగి ఉన్నాయి. లారీ అలవాటుతో పానాకి పైపు తొడిగి లాగడం వల్ల వచ్చేది ఇదే. చక్రాలు నేల మీద ఉండగా, మూలమూలకి మార్చుతూ, మూడు విడతల్లో, సర్వీస్ మాన్యువల్ చెప్పిన టార్క్ దాకా టార్క్ రెంచితో బిగించాం. 100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ, 1,000 దగ్గర మరోసారి సరిచూడాలి. మధ్యలో విరిగిన పట్టీ, తెగిన సెంటర్ బోల్టు ఎక్కడ కనిపించినా మొదట అనుమానించాల్సింది వదులైన యూ-బోల్టునే.

బుష్షుల బోల్టులు కూడా బండి తన చక్రాల మీద నిలబడ్డాకే చివరి బిగింపు. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ స్థితిలో పట్టుకుంటుంది, దించగానే మెలితిరిగి ఉండిపోతుంది. అది అదనపు బిగువుగా పనిచేసి కొన్ని నెలల్లో చినుగుతుంది.

ఆ తర్వాత అదే బస్తాలతో అదే పరీక్ష. ఎక్కేటప్పుడు 9, 21, 34, 46. దిగేటప్పుడు 300 దగ్గర 40, 200 దగ్గర 28, 100 దగ్గర 15, ఖాళీకి 3. బిగువు మి.మీ.కి 80 న్యూటన్లకి వచ్చింది, అంటే అదనపు పట్టీల వాటా అయిదో వంతు కంటే తక్కువ. రాపిడి తేడా 200 కిలోల దగ్గర 13 నుంచి 7 మి.మీ.కి దిగింది. బలంగా చెప్పుకుంటే 130 కిలోల నుంచి సుమారు 57 కిలోలకి. బిగువు కాస్తే తగ్గింది, రాపిడి సగానికి మించి తగ్గింది. ఖాళీలో లెక్క ప్రకారం సెకనుకి 1.64 ఊపులు, ఫోన్‌లో శిఖరం 1.7 దగ్గర. పాత 3.6 శిఖరం పూర్తిగా పోలేదు గానీ చిన్న గుట్టగా మిగిలింది.

వెనక ఎత్తు 590 నుంచి 549కి వచ్చింది. ఈ 41 మి.మీ. షాకులకి చాలా మేలు చేసింది. అంతకుముందు ఖాళీ బండిలోనే షాక్ దాదాపు పూర్తిగా సాగి, ఇంకా సాగడానికి 38 మి.మీ. మాత్రమే మిగిలి ఉంది. గుంటలో చక్రం దిగిన ప్రతిసారీ లోపల తాకేది. ఇప్పుడు ఆ చోటు 79. షాకులని విప్పి నిటారుగా పట్టి నొక్కి లాగి చూస్తే ఎక్కడా ఖాళీ దెబ్బ లేదు, ఆయిలు చెమ్మ లేదు, గ్యాసు తనంతట తానే రాడ్డుని బయటికి నెడుతోంది. కనుక వాటినే ఉంచాం. పికప్ మెత్తబడాలంటే మొదట షాకులు కొనాలన్న నమ్మకం జనంలో ఉంది. కమాన్ కదలకపోతే ఎంత ఖరీదైన షాకూ అలంకారమే.

లోడు సంగతి

పట్టీలు తీసేస్తే లోడుకి వెనక దిగదా? దిగుతుంది. 400 కిలోలకి 46 మి.మీ. బంప్ స్టాపరు (యాక్సిల్ ఛాసిస్‌ని కొట్టకుండా ఆపే రబ్బరు ముద్ద) దాకా ఖాళీలో ఉన్న చోటు 92 మి.మీ., అంటే లోడుతో సగం మిగులుతుంది. తారురోడ్డుకి సరే, చెరువు గట్టు గోతులకి తక్కువ. ఇక్కడ ఎంచుకున్నది బోలు రబ్బరు స్టాపర్లు. గట్టి రబ్బరు ముద్ద బదులు, పొడవుగా, లోపల గుల్లగా ఉండి నలిగేకొద్దీ బిగువు పెంచుకునేవి. యాక్సిల్‌కి తాకడం 40 మి.మీ. కుంగుడు దగ్గర మొదలయ్యేలా ఎత్తు చూసి బిగించాం. ఖాళీ బండిలో అవి యాక్సిల్‌ని ముట్టుకోవు, కనుక మెత్తదనాన్ని తినవు. 16 బస్తాల దగ్గర అప్పుడే తగులుతాయి, గోతిలో పడితే మెల్లగా మోస్తాయి.

గాలి బ్యాగులు ఎందుకు వద్దన్నాం? రోజూ లోడు మారే బండికి అవి మంచివే. కానీ ఈ బండి వారంలో ఎక్కువ రోజులు ఖాళీ, తిరిగేది బురదలో తుమ్మముళ్ల మధ్య, గాలి చూసుకునే ఓపిక మారే డ్రైవర్లకి ఉండదు. ఒక వైపు గాలి పోయిన బ్యాగుతో లోడు బండి గట్టు మీద ఒరిగితే ముప్పు. ఇంకొకటి: ఏ స్టాపరు పెట్టినా, ఏ బ్యాగు పెట్టినా ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు పెరగదు. యాక్సిల్, బ్రేకులు, టైర్లు అవే.

ముందు వైపు

ఇక్కడ సమస్య సూటిగా దొరికింది. స్ట్రట్ పైన పెట్టిన 25 మి.మీ. స్పేసర్ చక్రం దగ్గర 25 కాదు, సుమారు 42 మి.మీ. ఎత్తు ఇచ్చింది. కింది ఆర్మ్ మీద స్ట్రట్ కూర్చునే చోటు చక్రానికంటే లోపలికి ఉండటం వల్ల ఆ నిష్పత్తి వస్తుంది. ఛాసిస్ మీది బంప్ స్టాపరు మాత్రం పాత చోటే ఉంది. ఫలితంగా చక్రం పైకి పోయినప్పుడు స్టాపరు తగలకముందే స్ట్రట్ లోపల అడుగు తాకుతోంది. ఇనుప శబ్దం అదే. కిందికి వేలాడినప్పుడు పై ఆర్మ్ కాయిల్‌కి రాసుకున్న గుర్తు, పై బాల్ జాయింట్ బూటు చినుగు.

స్పేసర్లు తీసేశాం. స్ట్రట్‌ని మొత్తంగా దించి పైన ఉన్న ముక్క తీయడమే, స్ప్రింగు నొక్కి విప్పే పని లేదు. గొట్టాల బంపర్ కూడా తీయించాం. దాని బరువు యాక్సిల్‌కి ముందు వేలాడుతూ ముక్కుని ఊపుతుంది, పైగా 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వీటిని తీయించమని రాష్ట్రాలకి రాసింది. బండిలో మార్పుల మీద ఆంక్షలు పెట్టే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సంగతి కూడా ఎత్తు పెంచే పనులు అడిగేవాళ్లకి ముందే చెప్పాలి. బాల్ జాయింట్లు, పగిలిన కింది ఆర్మ్ బుష్షులు మార్చి, ఆర్మ్ కింద జాక్‌తో నడక ఎత్తుకి తెచ్చి చివరి బిగింపు ఇచ్చాం. ముందు ఎత్తు ఎడమ 503, కుడి 500.

అలైన్‌మెంటు అన్నిటికంటే చివర, సగం ట్యాంకు డీజిల్‌తో, డ్రైవరు సీట్లో ఒక మనిషి బరువు పెట్టి. ఎత్తు మారిన బండికి టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే సరిచేసి పంపడం చాలా చోట్ల జరుగుతోంది. క్యాస్టర్ (స్టీరింగు తిరిగే ఇరుసు ముందు వెనకల వాలు), క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో వాలడం) కూడా చూడకపోతే టైరు అంచు మళ్లీ తింటుంది. తర్వాత హెడ్‌లైట్ల చూపు సరిచూడాలి, పైకి ఉంటే ఎదుటివాడి కళ్లల్లో పడుతుంది. క్లచ్ దగ్గరి వణుకు వెనక ఎత్తు తగ్గగానే పోయింది, వెనక యాక్సిల్‌ని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మామూలుకి వచ్చింది. వెనక బ్రేకుకి లోడు పసిగట్టే వాల్వు, లివర్ ఉన్న పికప్పుల్లో ఎత్తు మారిస్తే ఆ లివర్ కూడా సరిచేయాలి. ఈ పని వదిలేస్తే ఖాళీలో వెనక చక్రాలు లాక్ అవుతాయి, లేదా లోడులో బ్రేకు చాలదు.

గాలి: డ్రైవరు తలుపు స్తంభం మీది స్టిక్కరు దగ్గర మొదలుపెట్టి, చల్లటి టైర్లలో ముందు 32, వెనక ఖాళీకి 30, 16 బస్తాలకి 38 దగ్గర స్థిరపడ్డాం. ట్రెడ్డుకి అడ్డంగా సుద్దగీత గీసి వంద గజాలు నడిపితే గీత అంతటా సమంగా చెరగాలి. మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ. ఎండలో నడిచి వేడెక్కిన టైరు నుంచి గాలి వదలకూడదు.

మిగిలిపోయినవి

వంతెనల అతుకుల మీద వెనక "టక్" అనడం ఇంకా ఉంది. బరువైన యాక్సిల్ ఉన్న పికప్పులో అది పూర్తిగా పోదు. మలుపుల్లో ఒరుగుడు మునుపటికంటే కొంచెం ఎక్కువ, పాత బిగువుకి అలవాటైన డ్రైవరుకి మొదట్లో తెలుస్తుంది. కమాన్ల తుప్పు మళ్లీ వస్తుంది. ఉప్పునీటి చెరువు పని అయ్యాక మంచినీళ్లతో కమాన్లు, షాకిళ్లు కడగాలి, నూనె ఏదీ పోయకూడదు. ఆరు నెలలకోసారి ఎనిమిది బస్తాల దగ్గర ఎక్కే, దిగే ఎత్తులు కొలిస్తే చాలు. ఎనిమిది దగ్గర ఆపకుండా పదహారూ ఎక్కించి, దించుతూ ఎనిమిది దగ్గర చూడాలి, లేకపోతే పోలిక కుదరదు. ఇప్పుడు తేడా 7 మి.మీ., అది 11 దాటితే కట్ట మళ్లీ విప్పాలి.

రోజూ నిండు లోడుతో నడిచే పికప్పుకి ఈ కేసు యథాతథంగా పనికిరాదు. అక్కడ ఖాళీ నడక గురించి కాక, లోడులో స్టాపరు దాకా ఎంత చోటు మిగులుతోందన్నది మొదట కొలవాలి. అది 50 మి.మీ. కంటే తక్కువైతే సరైన వంపుతో, అసలు కట్ట నిగిడాకే తగిలే హెల్పర్ పట్టీ వేయడమే సరైన దారి. ఆ పట్టీకి కూడా లైనరు ఉండాలి, క్లిప్పుకి సందు ఉండాలి.